గోడ దాటిన పిల్ల

శామ్యూల్ పుస్తకాన్ని మధ్యకి చింపాడు. సగం ఒక చేతిలో, మిగతా సగం ఇంకో చేతిలో.

"ఇలాంటివి చదివే బుర్ర పాడైంది," అన్నాడు.

సిల్వియా దానికోసం చెయ్యి చాచింది. కథ ఇంకా మిగిలే ఉంది. చుట్టూ గోడలున్న నగరం. అందులో ఎవరు ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎవరితో మాట్లాడాలో పైవాళ్లే చెబుతారు. అంతా జనం మంచికే అంటారు. ఒక పిల్ల ఆ గోడ దాటాలని బయల్దేరుతుంది. గోడ దగ్గరికి వచ్చింది కూడా. సరిగ్గా అక్కడ చింపేశాడు.

"అది మెహర్ పుస్తకం. నాది కాదు."

"ఎవరిదైతే నాకేంటి? ఫోన్ తీసుకుంటే ఇప్పుడు పుస్తకాలా?"

ఫోన్ పోయి చాలా రోజులైంది. అదీ చంటి వల్లే.

చర్చిలో సిల్వియా క్వయర్‌లో పాడేది. చంటి కీబోర్డు వాయించేవాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. ఒక రోజు ప్రాక్టీసు అయ్యాక అతని స్కూటర్ ఎక్కి కొల్లేరు దాకా వెళ్లి, పిట్టల్ని చూసి వచ్చింది. సాయంత్రానికల్లా ఆ కబురు తనకంటే ముందు ఇంటికి చేరింది.

ఆ రోజుతో క్వయర్ మాన్పించారు. ఫోన్ శామ్యూల్ బీరువాలోకి వెళ్లింది. హాల్లో గుమ్మం పైన కెమెరా వెలిసింది. అతను ఆఫీసులో కూర్చుని ఇంట్లో జరిగేదంతా చూస్తాడు. అతని భార్య షారోన్ బజారుకెళ్తే గ్రిల్‌కి బయట తాళం పడుతుంది. తొమ్మిదింటికి లైటు తీసెయ్యాలి. ఐస్‌క్రీమ్ పేరెత్తకూడదు.

"ఈ వయసులో ఇవేం పనులండీ?" షారోన్ వంటింట్లోంచి అరిచింది. "మీరే గట్టిగా చెప్పండి. నేను చెప్తే వింటేగా!"

"నేనేం తప్పు చేశాను?" సిల్వియా అడిగింది.

"వాణ్ణి పెళ్లి చేసుకుంటాననడం తప్పు కాదా?" శామ్యూల్ గొంతు వీధిలోకి వినబడింది. ఆ సంగతి అతనికే తెలిసి, తగ్గించాడు. "మమ్మల్ని తలెత్తుకు తిరగనివ్వమ్మా. నీ మంచేదో మాకు తెలీదా?"

పుస్తకంలో పైవాళ్లు కూడా అచ్చం ఇదే మాట అంటారు. సిల్వియాకి నవ్వాగలేదు. ఆ నవ్వు చూసి అతను చిరిగిన పుస్తకాన్ని చెత్తబుట్టలోకి విసిరికొట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం పెరటి గోడ మీంచి మెహర్ తల కనబడింది. పక్కింటి పిల్ల, ఇంటర్ ఫస్టియర్.

"అయిపోయిందా?"

"చింపేశాడే."

మెహర్ మొహం వాడిపోయింది. "మా క్లాసులో ఇంకా ఐదుగురు దానికోసం కాసుక్కూర్చున్నారు," అంది.

"ఎందుకే మీ క్లాసు వాళ్లకి ఆ కథంటే అంత పిచ్చి?"

మెహర్ గోడ మీద గడ్డం ఆనించింది. "మిగతా కథల్లో ఇంట్లోవాళ్లు చెప్పిందే చివరికి రైటవుతుంది. ఇందులో అవదు."

సిల్వియా తలూపింది. తనకీ అందుకే నచ్చింది.

"ఆ పిల్ల గోడ దాటిందో లేదో చెప్పనా?"

"చెప్పకే. ముందు నీ ఫోన్ ఒక్క నిమిషం ఇటివ్వు."

కెమెరా పెరట్లోకి చూడదు. చంటి రెండో రింగుకే ఎత్తాడు. మండవల్లిలో పాస్టరు గారు ఒప్పుకున్నారట. వచ్చే ఆదివారమే పెళ్లి.

"తాళం ఎవరు తీస్తారు?" అన్నాడు చంటి.

"తాళం లేని చోటి నుంచే వస్తాను," అంది సిల్వియా.

ఆదివారం చర్చిలో శామ్యూల్ మగవాళ్ల వైపు ముందు వరసలో కూర్చున్నాడు. షారోన్ మాత్రం సిల్వియా మోచేతికి మోచెయ్యి ఆనించి కూర్చుంది, కాపలాగా.

"కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుందాం," అన్నారు ఇక్కడి పాస్టరు.

ఆయన ప్రార్థన పొడుగు. రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, రోగం తగిలిన చేపల చెరువుల కోసం సాగుతోంది. సిల్వియా కళ్లు తెరిచింది. చర్చిలో ఇంకెవరి కళ్లూ తెరిచి లేవు. మెల్లగా మోచెయ్యి తీసుకుంది. షారోన్ కదల్లేదు.

సిల్వియా వెనక గుమ్మం దాకా నడిచింది. చెప్పుల గుట్టలో తనవి కనబడలేదు. ఎవరివో కాళ్లకి తొడుక్కుంది. లోపల అందరూ "ఆమెన్" అనేసరికి ఆమె ఎక్కిన ఆటో మలుపు తిరిగింది.

మండవల్లి మీదుగా పోయే కైకలూరు బస్సులో కండక్టర్ ఆధార్ చూసి, ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. కిటికీ అవతల చెరువు గట్లు, నీళ్లు, మళ్లీ గట్లు. ఆ పిల్ల గోడ అవతల ఏం చూసిందో సిల్వియాకి తెలీదు. ఇప్పుడు తెలుసుకోవాలనీ లేదు.

మధ్యాహ్నానికి శామ్యూల్, షారోన్ పోలీస్ స్టేషన్‌లో ఉన్నారు.

"చంటి గాడే మాయమాటలు చెప్పాడండీ," అన్నాడు శామ్యూల్. చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. "వాడి మీద కేసు పెట్టండి. ఎలాగైనా ఆ పెళ్లి ఆపండి."

"కంగారు పడకండి. మాకిలాంటివి కొత్త కాదండీ," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ దుర్గేష్, పెన్ను తీస్తూ. "మైనరైతే ఇప్పుడే జీపు పంపిస్తాం. ఇంతకీ మీ అమ్మాయి ఎన్నో క్లాసండీ?"

షారోన్ నేల చూపులు చూసింది. శామ్యూల్ అటూ ఇటూ చూసి, ముందుకి వంగి, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా అన్నాడు:

"అమ్మాయి కాదండీ... మా అమ్మ."