దొప్ప కింద మూడో అర

అడవికంతటికీ వైద్యం చేసే ఎలుగుబంటి గుహ ముందు ఖాళీ ఆకుదొప్పలు పేర్చి ఉండేవి. ఒక్కో దొప్పకి రెండు అరలు. జబ్బుపడ్డ జంతువు ఒక అరలో తానెవరో తెలిసేలా తన వెంట్రుకో ఈకో, రెండో అరలో నొప్పిని తెలిపే ఆకూ పెట్టి గుహలోకి తోసేది.

నక్క పంపిన చీమలు ఆ దొప్పల నిండా నక్క అమ్ముకునే దొంగమందు పొడి కూరి తోయడం మొదలెట్టాయి. ఆ చెత్తలో జింకపిల్ల దొప్ప మరుగున పడింది. వైద్యం అందక, జ్వరంతో ఆ పిల్ల చావు తప్పి బయటపడింది.

"గుహ చుట్టూ ముళ్ళకంప వేసేస్తాను," అంది ఎలుగుబంటి.

"చీమలు కంపలోంచీ దూరతాయి మామా. గీరుకునేది జబ్బుపడ్డవాళ్ళే," అంది దొప్పలు కుట్టే కుట్టుపిట్ట. ప్రతి దొప్ప అడుగునా మడతలో ఇంకో చిన్న అర కుట్టింది. చూసి పెట్టేవాళ్ళకి అది కనబడదు. చీమలు మాత్రం తగిలిన ప్రతి సందూ నింపేశాయి. ఎలుగుబంటి దొప్పని తిరగేసేది, అడుగు అర నిండి ఉంటే అవతల పారేసేది.

"గట్టిదానివే," అంది కుట్టుపిట్టతో.

కళ్ళు కనబడని చుంచెలుక అవ్వ నసిగింది. "నేనూ తడిమే పెడతాను కదమ్మా. నా దొప్పా అవతలికేనా?"

"ఆ అర మూతి అంచున గుర్తుగా ఒక ముడి వేశాను అవ్వా. ముడి తగిలితే వదిలెయ్."

"మరి చీమలకి తగలదా?"

"తగులుతుంది. ఆగి ఆలోచించే అలవాటు వాటికి లేదు."

ఎలుగుబంటి కళ్ళు మూసుకుని దొప్ప అడుగు తడిమింది. వేలికి ముడి తగిలింది. అప్పుడు కుట్టుపిట్టకి రెండు చేతులెత్తి దండం పెట్టింది.