మ్యాట్నీలో వెనక వరస

ఆ సాయంత్రంలోగా కావలసిన పనులు ఇవి:

కుర్చీలు విప్పి లారీకెక్కించాలి.

తెర దించి చుట్టాలి.

కరెంటు తీయించాలి.

కొత్త మాల్ గోడకు పలక చెక్కిస్తారట, దానికోసం పాత థియేటర్ చరిత్ర పది లైన్లలో రాసివ్వాలి.

మెట్ల కింద గదిలో ఉంటున్న ముసలామెను ఖాళీ చేయించాలి.

సూపర్‌వైజర్‌కు ఇది మొదటి సైటు. ఇంట్లో డిగ్రీ దాకా చదివింది అతనొక్కడే. రేపటికి బిల్డింగ్ ఖాళీగా అప్పగిస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. అమ్మకు ఆ మాట చెప్పాలని నెలల తరబడి ఎదురుచూస్తున్నాడు.

మధ్యాహ్నానికి కుర్చీలు లారీ ఎక్కాయి. చరిత్ర మాత్రం ఒక్క లైనూ ముందుకు సాగలేదు.

మెట్ల దగ్గరికెళ్ళి పిలిచాడు.

"మామ్మా, ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నావు?"

"ఈ గోడలకు మొదటి సున్నం వేసిన దగ్గర్నుంచీ. హాలు ఊడ్చేదాన్ని. మూసేశాక నన్ను పొమ్మని ఎవరూ అనలేదు, నేనూ పోలేదు."

"అయితే ఈ థియేటర్ గురించి నాలుగు ముక్కలు చెప్పు, రాసుకుంటా."

"రాసుకో. మ్యాట్నీకి ముందు వరసలు ఈగలు తోలుకునేవి. వెనక వరస మాత్రం నిండిపోయేది. అక్కడున్న వాళ్ళెవరూ సినిమా చూసేవాళ్ళు కాదు."

"మరేం చేసేవాళ్ళు?"

"నిద్రపోయేవాళ్ళు."

తెర చుడుతున్న కూలీలు పగలబడి నవ్వారు.

"అంత గొప్ప సినిమాలు వేశారన్నమాట!" అన్నాడొకడు.

సూపర్‌వైజర్‌కూ నవ్వొచ్చింది. "అది కాదు మామ్మా. ఎవరు ప్రారంభించారు, ఏ సినిమా వంద రోజులాడింది, అలాంటివి కావాలి."

"అవి నాకెలా తెలుస్తాయి నాయనా? నేను తెరకు వీపు పెట్టి కూర్చునేదాన్ని."

పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఈమెతో పెట్టుకుంటే పొద్దు పోతుంది.

"సరే, సామాను సర్దుకో. సాయంత్రానికి తాళం వేసేస్తాం."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"ఒక్క వారం ఆగలేవా? ఎక్కడో ఓ చోట చూసుకుంటాను."

"నా చేతిలో ఏమీ లేదు మామ్మా. పైవాళ్ళ ఆర్డరు."

"నువ్వు ఏ వీధి అబ్బాయివి?"

"అవన్నీ నీకెందుకు? తొందరగా కానీ."

ఆమె గదిలోకి వెళ్ళింది. ఒక దుప్పటి, రెండు గిన్నెలు, నాలుగు చీరలు మూట కట్టుకుంది. గది ఊడ్చి, చీపురు గోడకు ఆనించి, బయటికి నడిచింది.

అతను తాళం వేశాడు. పైఆఫీసుకు ఫోన్ చేసి, ఖాళీ అయిందని చెప్పాడు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ బట్టలు మడతపెడుతోంది.

"అమ్మా, నా ఉద్యోగం ఖాయమైనట్టే! నీ సినిమా హాలు మాత్రం రేపు కూల్చేస్తున్నారు. రోజూ మ్యాట్నీ చూసేదానివట కదా, పిన్ని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది."

అమ్మ నవ్వలేదు.

"అక్కడ మెట్ల కింద ఉండే అక్కకు ఎక్కడ చోటిచ్చారు?"

"చోటివ్వడమేంటి? పంపించేశాం."

అమ్మ చేతిలోని బట్ట కింద పడింది.

"ఎవర్ని పంపించావో తెలుసా నీకు? నేను ఆ హాల్లో ఒక్క సినిమా కూడా చూడలేదురా."

"మరి వీధి వీధంతా..."

"నవ్వింది. నవ్వనిచ్చాను. హాలు వెనక కుట్టు షెడ్డు ఉండేది. చంటిపిల్లల తల్లులకు అందులో పని ఇచ్చేవాళ్ళు కాదు. మీ నాన్న పోయి అప్పటికి రెండు నెలలు. పిల్లాడే లేడని అబద్ధం చెప్పి చేరాను. మా షిఫ్టూ మ్యాట్నీతోనే మొదలు. టికెట్ కొని నిన్ను వెనక వరసలో పడుకోబెట్టి, పక్క తలుపులోంచి షెడ్డుకు పోయేదాన్ని. నాలాంటి వాళ్ళం చాలామందిమి. మేం వచ్చేదాకా మీ అందర్నీ ఆ చీకట్లో ఆ అక్క ఒక్కతే కనిపెట్టుకుని ఉండేది. ఎవడు ఏడ్చినా మిషన్ల చప్పుడులో మాకు వినపడదు. ఆవిడకు వినపడేది."



ఇద్దరూ చెప్పులేసుకుని థియేటర్‌కు పరుగెత్తారు.

"మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఎటని అడిగితే చెప్పలేదు," అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

బస్టాండులో చూశారు. ఆసుపత్రి వరండాలో చూశారు. చీకటి పడేవేళకు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళారు.

"పేరు?" అన్నాడు కానిస్టేబుల్.

అతను అమ్మ వైపు చూశాడు.

"తెలీదు బాబూ," అంది అమ్మ. "మేమంతా అక్కా అనేవాళ్ళం."

కానిస్టేబుల్ పెన్ను కింద పెట్టేశాడు. పేరు లేని మనిషిని ఏమని వెతకాలి?

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడి అమ్మ అంది:

"నువ్వు మొట్టమొదట అమ్మా అని పిలిచింది నన్ను కాదురా. ఆవిడనే."

ఆ ముసలామె మళ్ళీ ఎవరికీ కనపడలేదు. ఇది చదివినవాళ్ళు, పేరు తెలియకపోయినా సరే, ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.