ఉత్త క్రీము

"మనం పెట్టిన గాయాలు రెండు గుంపుల ఎలుకలకీ ఒకేలా మానాయి బాబాయ్. ఆరంగ్ ఊరి నుంచి తెచ్చిన ఆకులో దమ్మేమీ లేదు, బేకార్ అన్నారు మా గైడ్ సర్," అంటూ పంజరాల ముందు కూలబడింది పరిశోధక విద్యార్థిని షారోన్.

రాయ్‌పూర్ ఫార్మసీ కాలేజీలో ఎలుకలకు మేత వేసే దేవదాసుకు అర్థం కాలేదు.

"మానితే మంచిదేగా అమ్మా?"

"మందు రాసినవి ముందు మానాలి. ఉత్త క్రీము రాసినవి వెనకబడాలి. అప్పుడే మందు పనిచేసినట్టు."

దేవదాసు మేత డబ్బా కింద పెట్టాడు.

"నువ్వెళ్ళాక వాటికీ రోజూ నీ మందే రాశానమ్మా. అవేం పాపం చేశాయని ఊరుకోను?"

షారోన్ తిట్టబోయి ఆగింది.

"అయితే మందు పనిచేసిందిగా! సర్‌తో నేను చెప్తాను," అన్నాడు దేవదాసు.

"చెప్పినా ఎవరూ నమ్మరు. మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి."

"మరి ఇవి?"

"ఇంక పనికిరావు. చంపెయ్యాలి."

కొత్త గాయాలు పెట్టడానికి ఆమె మత్తు సూదీ కత్తీ సిద్ధం చేసుకుంది. కొత్త పంజరం తెరిచి, ఒంటిమీద గీత కూడా లేని తెల్ల ఎలుకను తీసి అతనికిచ్చింది.

"కదలకుండా పట్టుకో బాబాయ్."

అది దేవదాసు అరచేతిలో మేత కోసం వెతుక్కుంది.