పచ్చమాత్రల భోజలీ

గున్నమ్మ తేన్చిందంటే భిలాయి క్యాంప్ టూలోని ఆ ఒంటిగది అంతా చెరువు వాసన కొట్టేది.

అదంతా పచ్చ మాత్రల మహిమ. నాచుతో చేసినవి.

రొమ్ము క్యాన్సరుకి కీమో ఎక్కించుకుంటున్న ఆడవాళ్ళకి ఆసుపత్రివాళ్ళు ఇస్తున్నారు. కొందరికి అసలువి, కొందరికి పచ్చరంగు పూసిన ఉత్త పిండివి. ఎవరికి ఏవి ఇచ్చారో చెప్పరు. మనిషికో డబ్బా, ఆఖరిదాకా సరిపడా ఒకేసారి ఇచ్చేస్తారు.

ఇవి రోగం తగ్గించేవి కావని సుప్రియ ముందే చెప్పింది. ఈ మాత్రల పరీక్ష చూసుకునే పిల్ల ఆమె. భిలాయిలోనే పుట్టింది, తెలుగు మొదలుపెట్టి హిందీలోకి జారిపోతుంది. ఓపిక, ఆకలి, నిద్ర, ఇలాంటివి ఏమన్నా బాగుపడతాయేమో చూద్దామని ఈ పరీక్ష అంది.

నిజమో భ్రమో గానీ, అంతకుముందు మంచం దిగలేని గున్నమ్మ, తన మొగుడు నూకరాజుకి టిఫిన్ కట్టి ఉక్కు ప్లాంటుకి పంపడం మొదలెట్టింది. వీధి కుళాయి దగ్గర దెబ్బలాట కూడా పెట్టుకుంది. అంతకన్నా ఏం కావాలి?

సుప్రియ వచ్చినప్పుడల్లా డబ్బా మూత తీసి ముక్కు మూసుకునేది. "ఆంటీ, మీది మచ్ఛీ బజార్" అని, చేపల బజారంటూ నవ్వేది.

ఇక రెండో ఆవిడ సంగతి. ఆవిడ పేరు నేను చెప్పను. ఎందుకో మీకే తెలుస్తుంది.

రుఆబాంధా అవతల బస్తీలో ఉండే ఛత్తీస్‌గఢీ మనిషి. కీమో హాల్లో గున్నమ్మది ఒక కుర్చీ, పక్కది ఆవిడది. ఆవిడా ఈ మాత్రలే మింగుతోంది. ఇద్దరివీ బోడి తలలే. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. ఆ సగంతోనే మొగుళ్ళనీ డాక్టర్లనీ కలిపి ఏకిపారేసేవారు.

శ్రావణంలో ఆవిడ బెంగ పెట్టుకుంది. వాళ్ళలో ఆడవాళ్ళు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, రాఖీ మర్నాడు ఒకరి చెవిలో ఒకరు దోపి నేస్తం కట్టుకుంటారు. ఆ మొలకల్ని భోజలీ అంటారు. ఆ రోజు నుంచి బతికినన్నాళ్ళూ ఒకరి పేరు ఒకరు పలకకూడదు. "భోజలీ" అనే పిలుచుకోవాలి.

ఈ ఏడు బుట్ట పెట్టే ఓపిక తనకి లేదని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పచ్చగా ఉంటే సాలదేటి?" అంది గున్నమ్మ, తన డబ్బా తీసి.

ఒకరి నోట్లో ఒకరు మాత్ర పెట్టుకున్నారు. నర్సు చూసి కసిరింది. ఇద్దరూ చేతిలో సూదులు కదలకుండా, కుదురుగా నవ్వుకున్నారు.

శ్రీకాకుళం వైపు మనిషి గున్నమ్మ. నేస్తం కట్టడమంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పాలా? నేస్తమంటే ఇంటిమనిషే.

కానీ భోజలీ పెట్టిన మాత్రకి వాసన లేదు. నాలిక మీద చప్పగా, సుద్దముక్కలా కరిగింది.

అది ఉత్త పిండిదేనని గున్నమ్మకి తెలిసిపోయింది.

తరవాత్తరవాత భోజలీ చిక్కిపోయింది. నోరంతా పుళ్ళు. గోడ పట్టుకుని నడుస్తోంది. బాసీ అంటే ప్రాణం ఆవిడకి. మన చద్దన్నంలాంటిదే. అది కూడా ముట్టడం లేదని కోడలు వచ్చి గున్నమ్మ దగ్గర ఏడ్చింది.

ఆ పూట కీమో ఎక్కుతుండగా భోజలీకి కునుకు పట్టింది. గున్నమ్మ ఆవిడ సంచీలో చెయ్యి పెట్టింది. తన మాత్రలన్నీ ఆవిడ డబ్బాలోకి, ఆవిడవి తన డబ్బాలోకి మార్చేసింది.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళకి తేన్పులో వాసన పోయింది. అప్పుడు ఏడ్చింది గున్నమ్మ. తన కోసమే ఏడ్చింది. మళ్ళీ మంచం పడతానేమోనని భయం మరి.

ఆసుపత్రిలో డబ్బాలు చూపించే రోజు వచ్చింది. భోజలీ ముందుగా వేరే నర్సు దగ్గర చూపించుకుని బయటికి వెళ్ళింది. తరవాత సుప్రియ దగ్గర గున్నమ్మ వంతు.

సుప్రియ మూత తీసింది. అలవాటుగా ముక్కు మీదికి వెళ్ళిన చెయ్యి ఆగిపోయింది. డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. గున్నమ్మ మొహంలోకి చూసింది.

గున్నమ్మ అబద్ధం ఆడలేదు. మార్చేశానని చెప్పేసింది.

సుప్రియ తల పట్టుకుంది. ఇలా అయితే ఇన్నాళ్ళ పనీ పాడవుతుందంది. ఎవరితో మార్చారో చెప్తే డాక్టరు సార్‌ని బతిమాలి ఎవరివి వాళ్ళకి ఇప్పిస్తానంది. చెప్పకపోతే మాత్రం మిమ్మల్ని పరీక్షలోంచి తీసెయ్యాలి, ఇక ఏ మాత్రలూ ఉండవంది. కోపంగా అనలేదు పాపం, బతిమాలుతున్నట్టే అంది.

గున్నమ్మకి కుళాయి దగ్గర దెబ్బలాట గుర్తొచ్చింది. నూకరాజు టిఫిన్ గుర్తొచ్చింది. ఈమధ్య ఆ గిన్నె ఎత్తాలంటే ఆయాసం వస్తోంది. పేరు నాలిక చివరిదాకా వచ్చింది.

"పేరు పలక్కూడదమ్మా," అంది. "ఆవిడ నాకు భోజలీ."

సుప్రియ ఈ ఊళ్ళో పుట్టిన పిల్ల. భోజలీ అంటే ఏమిటో తెలుసు. డబ్బాని తన వైపు లాక్కుంది.

"మిమ్మల్ని తీసేస్తున్నాను ఆంటీ," అంది.

బయట బల్ల మీద భోజలీ ఎదురుచూస్తోంది. గున్నమ్మ వచ్చి కూర్చోగానే కొంగు అడ్డం పెట్టుకుని తేన్చింది. ఛీ, ఈమధ్య నాకూ నీలాగే నీచు తేన్పులు పట్టుకున్నాయని విసుక్కుంది.

తరవాత కొంచెం సిగ్గుపడుతూ, పొద్దున గిన్నెడు బాసీ తిన్నానని చెప్పింది.

గున్నమ్మ ఖాళీ సంచీని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నంజుకోడానికేటి, భోజలీ?" అని అడిగింది.