చుక్కల మనిషి

“బాబాయ్, పోయిన వారం మీరు కుంటింది ఎడమ కాలు.”

నడవాలో కుంటుకుంటూ వస్తున్న మనిషి ఆగి కిందికి చూసుకున్నాడు. ఈసారి కుంటుతున్నది కుడి కాలు.

“రెండూ లాగుతున్నాయమ్మా,” అన్నాడు.

“రెండు కాళ్ళూ లాగితే కూలబడతారు గానీ కుంటరు. రండి లోపలికి.”

ఆ అమ్మాయి విశ్వవిద్యాలయంలో వ్యాయామ, పునరావాస శాస్త్రం చదువుతోంది. దెబ్బతిన్నవాళ్ళను మళ్ళీ నడిపించే చదువు. ఆఖరి ఏడాదిలో ఒక్కొక్కరికి ఒక్కో రోగిని అప్పగిస్తారు. ఆమెకు దొరికినవాడు గోడలకు రంగులు వేసే మనిషి. నిచ్చెన మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. గోళ్ళ సందుల్లో తెల్లరంగు ఇంకా వదల్లేదు. అక్కడ అందరూ రంగుల బాబాయ్ అంటారు. మనిషి మాట పొదుపు.

ఇవాళ ఆఖరి పరీక్ష. నడక బాగుందని తేలితే ఆమెకు మార్కులు వేసి, అతన్ని ఇక రానక్కర్లేదని పంపేస్తారు.

“ఇంకో వారం ఉంచమ్మా,” అన్నాడు బెంచీ మీద కూర్చుంటూ.

“బయట ఎంతమంది కూర్చున్నారో చూశారా? మీరు ఖాళీ చేస్తే వాళ్ళలో ఒకరు లోపలికొస్తారు.”

“చూశాను.”

“మరి?”

అతను ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకున్నాడు.

ఆమె అతని భుజాలకు, నడుముకు, మోకాళ్ళకు, చీలమండలకు మెరిసే బిళ్ళలు అంటించింది. గదిలో పొడవాటి రబ్బరు చాప, దాని చివర గోడంత తెర. బిళ్ళలు అంటించుకుని చాప మీద నడిస్తే తెర మీద మనిషి కనబడడు. చుక్కలే నడుస్తాయి. వాటి పక్కన ఇంకో చుక్కల మనిషి నడుస్తుంటాడు. అది ఆరోగ్యవంతుడి నడక, ఎప్పుడో తీసిపెట్టింది. రోగి నడకను దాంతో పోల్చి చూస్తారు.

మొదటి రోజు ఆ తెర ముందు అతనికి కాలు కదల్లేదు. యంత్రమంటే బెదురేమో అనుకుందామె.

“ఎవరిదమ్మా ఆ నడక?” అన్నాడు చివరికి.

“ఇక్కడ చదివి వెళ్ళిన ఎవరో సీనియర్‌ది. పేరు మాకూ తెలీదు బాబాయ్. ఫలానావాడిదని తెలిసిపోతే దాన్ని తీసేయాలి. అది ఇక్కడి కట్టుబాటు.”

అతను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

“ఊఁ, నడవండి. తలెత్తి తెరకేసి చూడండి,” అందామె ఇప్పుడు.

మొదటి రెండడుగులు కుంటుతూ వేశాడు. ఇంతలో తెర మీదికి చుక్కల మనిషి వచ్చాడు. కుంటు కాస్తా ఎగిరిపోయింది. చుక్కలూ చుక్కలూ కలిసి ఒకే అడుగు వేస్తూ చాప చివరిదాకా వెళ్ళాయి.

“దొరికిపోయారు!” అందామె చప్పట్లు కొట్టి. “నడవాలో కుంటి గుర్రం, ఇక్కడికి రాగానే పందెం గుర్రం!”

“ఇంకోసారి నడుస్తానమ్మా.”

“అక్కర్లేదు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.”

“ఒక్కసారి.”

ఈసారి కావాలనే నెమ్మదిగా నడిచాడు. చుక్కల మనిషి ముందుకు వెళ్ళిపోయాడు. వెనకబడి ఉండటం బాబాయ్ వల్ల కాలేదు. గబగబా నాలుగు అంగలేసి అతన్ని కలుసుకున్నాడు.

అప్పుడే వచ్చిన ప్రొఫెసరమ్మ తలుపు దగ్గరే నిలబడి చూసింది.

“శభాష్. రేపట్నుంచి రానక్కర్లేదని ఈయనకి చెప్పు,” అని వెళ్ళిపోయింది.

మార్కులు వచ్చేశాయి. అయినా ఆ అమ్మాయికి సంతోషం కలగలేదు. బెంచీ మీద అతని పక్కన కూర్చుంది.

“నిజం చెప్పండి. ఎందుకీ వేషాలు? ఇంటికెళ్తే పిన్ని తిడుతుందా?”

“ఆవిడ తిట్టి చాలా కాలమైందమ్మా.”

“అంటే?”

“మంచం దిగదు. పలకరిస్తే పలకదు. గోడ వైపు తిరిగి పడుకుంటుంది.”

ఆమెకు అంతా అర్థమైనట్టనిపించింది. కోపం దిగిపోయింది.

“అదా సంగతి! ఇక్కడి కసరత్తులు చూసి నేర్చుకుని పిన్నితో చేయిద్దామని వస్తున్నారా? ఆ మాట ముందే చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? నేనే మీ ఇంటికొస్తాను. ఏ కాలు పడిపోయింది?”

“కాళ్ళకేం లేదమ్మా.”

“మరి?”

బాబాయ్ బిళ్ళలు ఒక్కొక్కటే ఊడదీసి ఆమె చేతిలో పెడుతున్నాడు. ఆమె ఇంకో చెయ్యి తెర ఆపడానికి మీట మీదికి వెళ్ళింది.

“ఆపకమ్మా!”

అంత గట్టిగా అతను మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“రోజూ బతిమాలుతున్నాను,” అన్నాడు. “నాతో ఒక్కసారి బయటికి రమ్మని. నిన్న లేచి కూర్చుంది. చెప్పులెక్కడున్నాయని అడిగింది. ఇంకో వారానికి వస్తుందమ్మా. ఇక్కడికి తీసుకొస్తాను.”

“తీసుకురండి, దానికేం. కానీ కాళ్ళు బాగున్న మనిషికి ఇక్కడేం చూపిస్తారు బాబాయ్?”

తెర మీద చుక్కల మనిషి ఒక్కడే నడుస్తున్నాడు. బాబాయ్ అటే చూస్తూ నోరు తెరిచాడు. మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు.

“పోయిన మా అబ్బాయి నడక చూపిస్తానమ్మా.”