నవ్వుల లెక్క

"అది నవ్వు కాదు," అంది రూళ్ళకర్ర.

"నవ్వు కాకపోతే ఏడుపా?" అన్నాడు సోడాబుడ్డి, కాగితం మీద గీత పెట్టేస్తూ.

"పళ్ళు కొరికినా పళ్ళు కనపడతాయి. ఇదిగో, చదువు!" నిర్వచనం అచ్చు వేసిన కాగితాన్ని అతని ముక్కుకి ఆనించింది. "పెదవుల కొసలు రెండూ పైకి లేవాలి. కళ్ళ పక్కన ముడతలు పడాలి. రెండూ ఉంటేనే నవ్వు."

ఇద్దరూ మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నారు. ఆ పేర్లు డిపార్టుమెంటు పెట్టినవి. ఆమె నియమం తప్పదు, అతని కళ్ళజోడు మందం తగ్గదు. ఇప్పుడు వాళ్ళు కూర్చున్నది అద్దం వెనక చిన్న గదిలో. ఇవతల లైటు ఆర్పి ఉన్నంతసేపూ అవతలి గదిలో వాళ్ళకి అది గోడకి బిగించిన మామూలు అద్దం. ఇవతలి వాళ్ళకి కిటికీ. అవతలి మాటలు ఇక్కడ స్పీకరులో వినపడతాయి, ఇక్కడి మాటలు అక్కడికి పోవు.

అవతల సోఫాలో ఒక బస్సు డ్రైవరు, బట్టలు కుట్టే అతని భార్య. ఎవరో గమనిస్తారని సంతకం పెట్టారు గానీ ఎక్కణ్ణుంచో వాళ్ళకి తెలియదు. మీకు పడని సంగతి ఏదో ఒకటి పదిహేను నిమిషాలు మాట్లాడుకోమంటే, కొత్తగా కొన్న వాషింగ్ మెషిన్ మీద పడ్డారు.

"బాల్కనీలో పెడితే వానకి నాని చస్తుందే!"

"స్నానాల గదిలో పెడితే మీరెక్కడ స్నానం చేస్తారు? బస్సులోనా?"

డ్రైవరు మూతి ఒక పక్కకి వంగింది. సోడాబుడ్డి గీత పెట్టాడు. రూళ్ళకర్ర పెట్టలేదు.

గైడు మేడం నిన్ననే ఇద్దర్నీ నిలబెట్టి కడిగేసింది. "ప్రశ్నలిచ్చి రాయమంటే ప్రతి మొగుడూ బంగారు కొండే, ప్రతి పెళ్ళామూ సహనానికి మారుపేరే. నిజం కావాలంటే వాళ్ళకి తెలియకుండా చూడాలి. చూడ్డంలో తిప్పలేమిటంటే, ఇద్దరు చూస్తే ఇద్దరికీ ఒకటే కనపడాలి. పదకొండు జంటలయ్యాయి, ఒక్క జంటకీ మీ లెక్క కలవలేదు. రేపు ఏ నిమిషంలో ఎన్ని నవ్వులో మీ ఇద్దరి లెక్కా పదిహేను నిమిషాల్లో పన్నెండు నిమిషాలైనా కలవాలి. లేదంటే సోమవారం నుంచి ఆ గది ఇంకొకరిది. మీరు కొత్త అంశం వెతుక్కోండి."

అంటే రెండేళ్ళ చాకిరీ మట్టిపాలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా మూడో నిమిషంలో, గీతలు పోల్చుకోవడానికి లైటు వేసి మరీ, మళ్ళీ తగులుకున్నారు.

"రాతి మొహం నీది. నవ్వంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు?"

రూళ్ళకర్ర కాగితాలు చుట్టచుట్టి అతని నెత్తి మీద ఒక్కటిచ్చింది. కళ్ళజోడు ఎగిరి బల్ల కింద పడింది. ఇద్దరూ ఒకేసారి వంగారు, తలలు ఢీకొన్నాయి. లేచి చూసేసరికి మూడో నిమిషం కూడా అయిపోయింది.

"మూడూ పోయాయి. ఇక ఒక్కటి తప్పినా మన పని అంతే," అందామె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కళ్ళనీళ్ళు అతనెప్పుడూ చూడలేదు.

"తప్పు నాదే. ఇక నువ్వు చెప్పినట్టే లెక్కేస్తాను."

"వద్దు. నీకు కనపడింది నువ్వు వెయ్యి. కుమ్మక్కైతే అది లెక్కెలా అవుతుంది?" కళ్ళజోడు తుడిచి తనే అతని ముక్కు మీద పెట్టింది. "ఇందాకటిదాంట్లో ముడతలు ఉన్నాయేమోలే. నేనే సరిగ్గా చూడలేదు."

అతను జేబులోంచి బిస్కెట్ తీసి, విరిచి, పెద్ద ముక్క ఆమెకిచ్చాడు. తర్వాత ఇద్దరూ నోరు మూసుకుని, పెన్సిళ్ళు పట్టుకుని కూర్చున్నారు.

అవతల వాషింగ్ మెషిన్ ఊసే లేదు. భార్య భర్త చెవిలో ఏదో గుసగుసగా చెప్పింది. ఆయన ఫక్కున నవ్వాడు. ఆమె అద్దం వైపు చూసి జుట్టు సర్దుకుని తనూ నవ్వింది. అద్దం చూస్తే జుట్టు సర్దుకోని వాళ్ళు ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఇక ఆపితే ఒట్టు. పెదవుల కొసలు చెవులదాకా పోతున్నాయి, కళ్ళ పక్కన గంపెడు ముడతలు. కళ్ళజోడు లేకపోయినా లెక్కపెట్టగలిగే నవ్వులు. పదో నిమిషానికి ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"బాల్కనీలోనే పెడదాంలే. పైన రేకు వేయిస్తా."

గంట మోగింది. కాగితాలు పక్కపక్కన పెట్టారు. నాలుగో నిమిషం: అయిదు, అయిదు. అయిదో నిమిషం: ఏడు, ఏడు. అలా పదిహేను దాకా వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. పన్నెండుకి పన్నెండూ కలిశాయి. రూళ్ళకర్ర కుర్చీలోంచి గెంతింది. ఆమె నవ్వితే ఇంత బావుంటుందని రెండేళ్ళుగా పక్కనే ఉన్నా సోడాబుడ్డికి తెలియలేదు.

మేడం వచ్చి కాగితాలు రెండుసార్లు చూసింది. "గది మీదే," అంది. వాళ్ళిద్దరికీ ఏనుగెక్కినంత సంబరమైంది.

ముగ్గురూ కలిసి అవతలి గదిలోకి వెళ్ళారు. ప్రతి జంటనీ చివర్లో ఒక ప్రశ్న అడగడం మేడం పద్ధతి. "అంత తగువు మూడు నిమిషాల్లో ఎలా చల్లారిందండీ?"

బట్టలు కుట్టే ఆవిడ మొహం, మేడం వెనకున్న ఇద్దర్నీ చూడగానే, చాటంత అయింది.

"అంతా వీళ్ళ చలవేనండీ! ఆ అద్దం వెనక లైటు వేసి మాకు చూపించారే, మొగుడూ పెళ్ళాం కొట్టుకుని మళ్ళీ బిస్కెట్ పంచుకునే నాటకం, మాటలు వినపడకపోయినా భలే వేశారు!"