బయటి గాలి

జమ్లక్క ఇంట్ల గోడకు ఏసీ చూడంగనే నాకు ఒళ్లు మండింది. నాలుగు నెలల పాప దగ్గుతుంటే కిటికీలన్నీ బిగించుకొని కూసుంది.

"అక్కా, ఏసీ బయటి గాలిని తేదు. గదిల గాలినే తిప్పి తిప్పి చల్లజేస్తది. మీరు విడిచిందే పాప పీలుస్తుంది" అని నేను ఇంటింటికి పంచే ఆరోగ్య కరపత్రం చదివి వినిపించిన.

"నీ కాయితం పక్కన పెట్టు తమ్మీ. కిటికీ జోలికి పోకు."

"తండాల పుట్టినదానివి, గాలికి భయపడతవా?" అని కిటికీ బార్లా తెరిచిన.

అవతల బొగ్గు గనిల బ్లాస్టింగ్ అయింది. గాలితో పాటు దుమ్ము లోపలికి దూకింది. పాప తెల్ల టోపీ నల్లబడ్డది.

అక్క లేచి కిటికీ మూసింది.

"చల్లదనానికి కాదురా ఏసీ కొన్నది. కిటికీ మూసుకొని బతకనీకి."

పాప దగ్గుతనే ఉంది. 'తాజా గాలి మీ హక్కు' అని అచ్చైన ఆ కాయితంతోనే ఉయ్యాల మీది దుమ్ము తుడిచిన.